స్టెరాయిడ్ గోలీ మొదలైన నాడే బొక్కల సంగతి చూసుకోండి

ఇది రోగి కోసం కన్నా, రోగి ఫైలు పట్టుకుని దవాఖానకు పోయే మనిషి కోసం రాస్తున్నాను. ప్రతి ఇంట్లో అట్లాంటి మనిషి ఒకరుంటారు. కూతురో, కోడలో, చిన్న కొడుకో. ఏ పూట ఏ గోలీ వేయాలో గుర్తుపెట్టుకునేది, పొద్దున్నే నల్గొండ బస్టాండులో బస్సెక్కించి పట్నం (హైదరాబాద్) తీసుకుపోయేది, ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడేది ఆ మనిషే. మా ఇంట్లో ఆ పని నాది. మా అత్తమ్మది మర్రిగూడ వైపు ఊరు. ఆమెకు చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. ఊళ్లో అందరూ కీళ్లవాతం అనే అంటారు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను కాబట్టి, డాక్టర్ రాసిన గోలీ ఒంట్లో ఎక్కడికి పోయి ఏం చేస్తుందో తెలుసుకోనిదే నాకు నిద్ర పట్టదు. తెలిసినవాళ్లు ఫైళ్లు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. వాళ్లందరికీ చెప్పే మాటలనే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు మాట ఒక్కటే. ఎముకల గురించి ఆలోచించాల్సింది విరిగినాక కాదు. కీళ్లలో వాపు ఉందని తేలిన నాడే, స్టెరాయిడ్ గోలీ చేతికొచ్చిన నాడే ఆలోచించాలి. వాపుకి నొప్పి ఉంటుంది కాబట్టి అందరూ దాని వెంటే పడతారు. ఎముక కరిగేటప్పుడు నొప్పి ఉండదు. ఓపీలో డాక్టర్‌కి ఉండే నాలుగు నిమిషాలు వాపు గురించి మాట్లాడటానికే సరిపోతాయి. ఎముక మాట ఎత్తాల్సింది మనమే.

కీళ్లవాపుకి ఎముకతో ఏం పని?

ఇది తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరూ చెప్పకుండానే పాటిస్తారు, అందుకే కొంచెం ఓపికగా చదవండి.

ఎముక ఒకసారి తయారై అట్లాగే ఉండిపోయేది కాదు. రోజూ ఎక్కడో ఒకచోట పాతది కరిగి, ఆ చోట కొత్తది పడుతూనే ఉంటుంది. పండక్కి గోడకు వెల్ల వేసేముందు పాత సున్నం గీకినట్టు, పాత ఎముకను గీకే కణాలు వేరు, కొత్తది నింపే కణాలు వేరు. గీకేవి ఆస్టియోక్లాస్టులు, నింపేవి ఆస్టియోబ్లాస్టులు. రెండు పనులూ సరిసమానంగా సాగితే చిక్కు లేదు. గీకుడు ఎక్కువై నింపుడు తగ్గితే గోడ పలచబడుతుంది.

ఎముకను నింపే కణాలు ఎముక వంశానివే. గీకే కణాలు మాత్రం రక్తం వంశానివి. మన మూలుగలో ఉండే మూలకణాల నుంచి తెల్ల రక్తకణాలు పుడతాయి. అందులో మోనోసైట్లనే శాఖ ఒకటి ఉంది. ఆ శాఖలోని కణం ఒక దారిలో పోతే మాక్రోఫేజ్ అయి క్రిములను మింగుతుంది. ఇంకో దారిలో పోతే, అట్లాంటివి కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎన్నో కేంద్రకాలున్న పెద్ద ఆస్టియోక్లాస్ట్ అవుతుంది. అంటే క్రిములతో కొట్లాడే కణాలు, ఎముకను కరిగించే కణాలు ఒకే మూలం నుంచి వచ్చినవి.

ఈ రెండింటికీ సంబంధం ఉందని 1972లోనే ఆనవాలు దొరికింది. మనిషి తెల్ల రక్తకణాలను పంటి గారతో కలిపి పెంచితే, ఆ ద్రవం ఎముకను కరిగించే కణాలను రెచ్చగొట్టింది. ఈ సంబంధం ఎట్లా నడుస్తుందో తేలడానికి చాలా కాలం పట్టింది. 1990ల చివర్లో ర్యాంక్-ఎల్ అనే ప్రోటీన్ బయటపడింది. మోనోసైట్ శాఖ కణాన్ని ఆస్టియోక్లాస్ట్ దారికి మళ్లించేది ఇదే. 1999లో కెనడాలో జోసెఫ్ పెన్నింగర్ బృందం ర్యాంక్-ఎల్ లేని ఎలుకలను చూసింది. ఆస్టియోక్లాస్టులు లేక వాటి ఎముకలు గట్టిగా దట్టంగా అయిపోయాయి. అంతవరకు ఊహించిందే. కానీ ఆ ఎలుకలకు లింఫ్ గ్రంథులు కూడా ఏర్పడలేదు, టీ కణాలు, బీ కణాలనే తెల్ల రక్తకణాలు ఎదగడంలో కూడా లోపాలు కనిపించాయి. ఒక్క ప్రోటీన్ ఇటు ఇమ్యూనిటీ కణాల ఎదుగుదలను, అటు ఎముక కరగడాన్ని నడుపుతున్నదన్నమాట. 2000లో ఈ చదువుకు ఆస్టియోఇమ్యునాలజీ అని పేరు పెట్టారు.

ఇప్పుడు కీళ్లవాతం దగ్గరికి రండి. ఈ జబ్బులో టీ కణాలు అనవసరంగా రెచ్చిపోయి ఉంటాయి. కీలు పొరలో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17 లాంటి వాపు పెంచే రసాయనాలు నిండుతాయి, ర్యాంక్-ఎల్ పెరుగుతుంది. కీలు పక్కన ఎముక కొరికినట్టు అవుతుంది. ఎక్స్‌రేలో డాక్టర్ ఎరోషన్ అని చూపించేది దాన్నే. ఆ రసాయనాలు రక్తంలో కలిసి తిరుగుతాయి కాబట్టి నడుము ఎముక, తుంటి ఎముక కూడా పలచబడతాయి. అందుకే చేతివేళ్ల జబ్బు ఉన్న మనిషికి తుంటి విరుగుతుంది.

కాబట్టి ఎముకకు మొదటి మందు కాల్షియం కాదు, వాపును అదుపులో పెట్టడం. మెథోట్రెక్సేట్ లాంటి అసలు మందులు మానకుండా వాడటమే ఎముకకు పెద్ద రక్ష. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందని మళ్లీ మళ్లీ చెప్తున్నాను. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వేసుకునే రోజు పేరు గోలీల డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. చదువురాని పెద్దవాళ్లుంటే ఆ ఒక్క గోలీని మీ దగ్గరే పెట్టుకుని మీ చేతితో ఇవ్వండి.

స్టెరాయిడ్ చేసే మేలు, చేసే చెరుపు

స్టెరాయిడ్ వాపును తొందరగా దించుతుంది. మంచం దిగలేని మనిషి రెండు రోజుల్లో లేచి తిరుగుతుంది. అందుకే దాని మీద అంత నమ్మకం. కానీ అది ఎముకను నింపే కణాలను అణిచేస్తుంది, పేగులో కాల్షియం ఇంకడాన్ని తగ్గిస్తుంది, తొడ కండరాలను బలహీనం చేస్తుంది. ఎముక అన్నింటికన్నా వేగంగా పోయేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో. "ఏడాది అయినాక చూద్దాం" అనే ఆలోచన అందుకే పనికిరాదు.

ఏది స్టెరాయిడో ముందు గుర్తుపట్టండి. ప్రెడ్నిసోలోన్ అంటే అందరికీ తెలుసు. మిథైల్ ప్రెడ్నిసోలోన్, డెఫ్లజాకార్ట్ కూడా స్టెరాయిడ్లే. డెఫ్లజాకార్ట్ వాడుతూ "మేం స్టెరాయిడ్ వాడటం లేదు" అని గట్టిగా చెప్పినవాళ్లను చూశాను. లెక్క కోసం గుర్తుంచుకోండి: 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్, 4 మిల్లీగ్రాముల మిథైల్ ప్రెడ్నిసోలోన్, 6 మిల్లీగ్రాముల డెఫ్లజాకార్ట్ దాదాపు సమానం. రోజుకు 2.5 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ ప్రెడ్నిసోలోన్ మూడు నెలలు దాటి వాడేవాళ్లకు ఎముక విరిగే ముప్పు ఎంతుందో లెక్కకట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ చెప్తుంది. అది చాలా చిన్న డోసు. "సగం గోలీయే కదా" అనుకునేవాళ్లు కూడా ఇందులోకి వస్తారు.

ఇదంతా చదివి భయపడి ఈ రాత్రి నుంచే స్టెరాయిడ్ ఆపేయకండి. కొన్ని వారాలు వాడితే మన అడ్రినల్ గ్రంథులు ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను సొంతంగా తయారు చేసుకోవడం తగ్గించేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, మనిషి కుప్పకూలవచ్చు. తగ్గించడం డాక్టర్ చెప్పిన మెట్ల ప్రకారమే జరగాలి. మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: "సార్, దీన్ని ఎప్పటికల్లా, ఎంతవరకు తగ్గించవచ్చు?"

ఇంకో మాట. మోకాళ్లు నొస్తున్నాయని ఊళ్లో సూది వేయించుకునే అలవాటు మనవైపు బాగా ఉంది. ఆ సూదిలో చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. "ఒక్క సూదికే నొప్పులన్నీ పోయినయి బిడ్డా" అని ఎవరైనా అంటే నాకు ముందు దాని మీదే అనుమానం వస్తుంది. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే నొప్పుల పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపిన సంగతులు పరీక్షల్లో చాలాసార్లు బయటపడ్డాయి. పొడి వాడుతూ ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే, ఆకలి విపరీతంగా పెరుగుతుంటే, షుగర్ ఎక్కుతుంటే ఆ పొట్లం తీసుకుని డాక్టర్ దగ్గరికి పోండి. దాన్నీ ఒక్కసారిగా ఆపకండి, చెప్పి ఆపండి. పెద్దవాళ్లు సూది సంగతి డాక్టర్ ముందు దాస్తారు, తిడతారని భయం. మీరు ముందే నెమ్మదిగా అడిగి తెలుసుకుని, ఎన్ని నెలలుగా ఎంత తరచుగా వేయించుకుంటున్నారో చీటీ మీద రాసుకోండి.

గర్భసంచి ఆపరేషన్ అయిన ఆడవాళ్ల సంగతి

దీని గురించి చెప్పకుండా నేను ఉండలేను. చిన్న వయసులో గర్భసంచి తీయించుకునే ఆడవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తూనే ఉన్నాయి. ముప్పైల్లోనే ఆపరేషన్ అయినవాళ్లు ఏ ఊరికి పోయినా కనిపిస్తారు. కొందరికి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తారు. ఆ సంగతి వాళ్లకే తెలియదు.

అండాశయం పోతే ఈస్ట్రోజెన్ పోతుంది. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లు మూలుగలో ఇమ్యూనిటీ కణాల పుట్టుక ఒక అదుపులో ఉంటుంది. ఎలుకలకు అండాశయాలు తీసేస్తే మూలుగలో ఎదుగుతున్న బీ కణాలు ఒక్కసారిగా పెరిగాయి, టీ కణాలు టీఎన్ఎఫ్ ఎక్కువగా వదిలాయి, వాటి వెంటే ఎముక కరగడం పెరిగింది. మళ్లీ ఇదే బీ కణాలు మామూలు రోజుల్లో ఓపీజీ అనే ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. అది ర్యాంక్-ఎల్‌ను పట్టుకుని ఎముకను కాపాడుతుంది. అందుకే బీ కణాలు మంచివా చెడ్డవా అని పిల్లలు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. అవి ఏ దశలో ఉన్నాయి, చుట్టూ ఏ రసాయనాలున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మీరు చేయాల్సింది పాత డిశ్చార్జి కాగితం వెతకడం. అందులో అండాశయాలు ఉంచారా, ఒకటి తీశారా, రెండూ తీశారా అన్నది ఉంటుంది. కాగితం దొరక్కపోతే స్కానింగులో తెలుస్తుంది. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసినవాళ్లకు ముట్లు ఆగే దశ కొంచెం ముందే రావచ్చు. నలభై ఐదు దాటకముందే ఈ దశ వచ్చిన మనిషికి కీళ్లవాతం కూడా ఉండి, స్టెరాయిడ్ కూడా నడుస్తుంటే, మూడు వైపుల నుంచీ ఎముక పోతున్నట్టే. ఈ మాట డాక్టర్‌కి మొదటి నిమిషంలోనే చెప్పండి.

డాక్టర్ దగ్గరికి ఏం తీసుకుపోవాలి

ఒక కాగితం. ఆపరేషన్ ఏ వయసులో అయింది, స్టెరాయిడ్ ఏది, ఎప్పటి నుంచి, ఎంత. ఇంతకుముందు చిన్న దెబ్బకే మణికట్టు, తుంటి విరిగాయా. తల్లికో తండ్రికో తుంటి విరిగిందా. బీడీ, పొగాకు, కల్లు, సారా అలవాట్లున్నాయా. చిన్నప్పటి నుంచి ఏ ఊరి నీళ్లు తాగారు. ఇంతే. కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), విటమిన్ డి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు మామూలుగా రాస్తారు. వాపు ఎంతుందో చెప్పే సీఆర్పీ, ఈఎస్ఆర్ ఎట్లాగూ ఉంటాయి. రుమటాలజీ డాక్టర్లు జిల్లాల్లో తక్కువ. పట్నంలో నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. ఒకసారి అక్కడ మందు ఖాయం చేయించుకుంటే, రక్తపరీక్షలు, బీపీ, షుగర్ నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చూపించుకోవచ్చు.

ఎముక సాంద్రత చూసేది డెక్సా స్కాన్. పడుకోబెట్టి తీస్తారు, నొప్పి లేదు, ఎక్స్‌రే మోతాదు చాలా తక్కువ. రిపోర్టులో టీ స్కోర్ చూడండి. మైనస్ 1 వరకు మామూలు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే పలచబడుతున్నట్టు. మైనస్ 2.5 లేదా అంతకన్నా కింద ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముక గుల్లబారిన జబ్బు. స్టెరాయిడ్ వాడేవాళ్లకు మాత్రం ఈ గీత దాటకముందే ఎముకలు విరుగుతాయి. అంకె బాగుందని ఊరుకోకూడదు.

ఫ్లోరైడ్ ఊళ్లవాళ్లు ఈ భాగం తప్పక చదవండి

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పెరిగిన పెద్దవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఇది పట్నంలో డాక్టర్లకు వెంటనే తట్టకపోవచ్చు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషి వెన్నెముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. డెక్సాలో నడుము టీ స్కోర్ చాలా బాగా వస్తుంది, ప్లస్‌లో కూడా వస్తుంది. "ఎముకలు ఇనుములెక్క ఉన్నయి" అని ఇంటికి వచ్చేస్తారు. కానీ ఆ దట్టం బలం కాదు. ఫ్లోరైడ్ ఎముక ఖనిజంలో కలిసిపోయి దాన్ని పెళుసు చేస్తుంది.

దీనికి గట్టి సాక్ష్యం అమెరికాలో దొరికింది. ఒకప్పుడు ఆస్టియోపొరోసిస్‌కు సోడియం ఫ్లోరైడ్‌నే మందుగా వాడి చూశారు. మేయో క్లినిక్ వాళ్లు 1990లో ప్రకటించిన పరీక్షలో నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, చేతులు కాళ్లు విరగడం మాత్రం పెరిగింది. అంకె పెరిగింది, ఎముక గట్టిపడలేదు. మన జిల్లా మనిషి డెక్సా రిపోర్టు చదివేటప్పుడు నాకు ఎప్పుడూ ఈ పరీక్షే గుర్తొస్తుంది. ఇంకా వెనక్కి పోతే, 1973లోనే జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన వైపు ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను, యువకులను పరీక్షించి, వాళ్ల కాళ్లూచేతుల ఎముకలు పలచబడి ఉన్నాయని రాశారు. ఒకే మనిషిలో వెన్ను దట్టంగా, కాలి ఎముక పలచగా ఉండవచ్చన్నమాట.

కాబట్టి స్కాన్ రాసే డాక్టర్‌కి, తీసే టెక్నీషియన్‌కి ఇద్దరికీ చెప్పండి: "ఈమె ఫ్లోరైడ్ ఊరు మనిషి." నడుముతో పాటు తుంటి స్కోర్ తప్పకుండా కావాలని, వీలైతే ముంజేయి కూడా తీయమని అడగండి. మా అత్తమ్మ విషయంలో ఈ ఒక్క మాట చెప్పినందుకే డాక్టర్ నడుము అంకెను పక్కన పెట్టి తుంటి అంకె చూసి మందు మొదలుపెట్టారు.

నీళ్ల సంగతి. ఇంటికి కృష్ణా నీళ్లు వస్తుంటే తాగడానికి, వంటకు అవే వాడండి. చాలామంది తాగడానికి ఈ మిషన్ భగీరథ కుళాయి నీళ్లు పట్టుకుని, అన్నం, పప్పు బోరు నీళ్లతో వండుతారు. వంట నీళ్లూ ఒంట్లోకే పోతాయి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని 1970ల్లో తయారు చేసింది. అది కొలతల ప్రకారం ట్యాంకు దగ్గర చేయాల్సిన పని. ఇంట్లో పిడికెడు పటిక వేసి చేసేది కాదు. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేని చోట 1.5 వరకు. బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించి ఆ అంకె ఇంట్లో రాసి పెట్టుకోండి. పాలు లేని డికాషన్ చాయ్ రోజంతా తాగే అలవాటు ఉంటే తగ్గించండి. తేయాకులో ఫ్లోరైడ్ ఉంటుంది.

తిండి, కాల్షియం, ఎండ

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది. జొన్నరొట్టె మంచిదే, కానీ జొన్నలో కాల్షియం చాలా తక్కువ. 100 గ్రాములకు 30 మిల్లీగ్రాములు కూడా ఉండదు. తైదల్లో (రాగుల్లో) అదే 100 గ్రాములకు 350 దాకా ఉంటుంది. అందుకే పొద్దున పూట తైద అంబలి, మధ్యాహ్నం రొట్టె అని నేను పెట్టుకున్నాను. ఒక గ్లాసు బర్రెపాలలో 240 మిల్లీగ్రాములు, ఒక గిన్నె పెరుగులో దాదాపు అంతే. మునగాకు పప్పు, తోటకూర, రొట్టెలోకి నువ్వుల పొడి. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని పట్టి ఉంచుతుంది, ఒంటికి పట్టేది తక్కువ. పప్పు, గుడ్డు మానకండి. కండ లేకపోతే మనిషి పడిపోతుంది.

తిండితో చాలనప్పుడే గోలీ. ఒక్కసారికి 500 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ కాల్షియం ఒంటికి పట్టదు. కార్బొనేట్ రకం అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. స్టెరాయిడ్ వాడేవాళ్లలో చాలామంది పొద్దున్నే గ్యాస్ గోలీ కూడా వేసుకుంటారు, అట్లాంటప్పుడు కార్బొనేట్ సరిగ్గా కరగకపోవచ్చు. సిట్రేట్ రకం ఇవ్వమని అడగండి. థైరాయిడ్ గోలీ వాడుతుంటే దానికి, కాల్షియంకి నాలుగు గంటల ఎడం ఉండాలి.

విటమిన్ డి 60,000 యూనిట్ల గోలీ వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాయడం మామూలు. ఆ చీటీతోనే మెడికల్ షాపులో తెచ్చుకుంటూ ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. అది విషమవుతుంది. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. ఎనిమిది వారాలు అయినాక ఎంత వాడాలో మళ్లీ అడగాలి. ఎండ మాటకొస్తే, ఏడింటి లేత ఎండలో విటమిన్ పెద్దగా తయారవదు. చలికాలంలో పదకొండు దాటాక కాసేపు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర, పది మధ్య కొద్దిసేపు చేతులకు, కాళ్లకు తగిలితే చాలు. లూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే తిరగబడే ఇంకో జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం ఎండలో కూర్చోకూడదు. వాళ్లకు జబ్బు తిరగబెడుతుంది.

ఎముక మందులు వాడే పద్ధతి

వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల గోలీకి నియమం గట్టిది. లేవగానే, పరగడుపున, పెద్ద గ్లాసుడు మామూలు నీళ్లతో మింగాలి. చాయ్‌తో కాదు, పాలతో కాదు. తర్వాత అరగంట నిటారుగా కూర్చోవాలి లేదా తిరగాలి, ఏమీ తినకూడదు. పడుకుంటే గోలీ అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది. వేరే గోలీలన్నీ ఆ తర్వాతే. మింగడం కష్టమైన మనిషికి, అరగంట కూర్చోలేని మనిషికి ఈ మందు వద్దని డాక్టర్‌కి చెప్పండి.

ఏడాదికి ఒకసారి సెలైన్‌లో ఎక్కించేది జొలెడ్రోనిక్ యాసిడ్. ముందు క్రియాటినిన్, విటమిన్ డి చూడాలి, పళ్ల పని ఏదైనా ఉంటే ముందే చేయించుకోవాలి. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు చాలామందికి వస్తాయి. ఇందులో కూడా ఇమ్యూనిటీ పనే ఉంది. ఈ మందు వల్ల గామా డెల్టా టీ కణాలనేవి కొద్దిరోజులు రెచ్చిపోయి ఆ జ్వరం తెస్తాయి. పారాసిటమాల్, నీళ్లు సరిపోతాయి. తర్వాతి ఏడు అంత రాదు. ఇది ముందే తెలియక "మందు పడలేదు" అని మానేసినవాళ్లున్నారు.

ఆరు నెలలకోసారి పొట్ట మీద చర్మం కింద వేసే సూది డెనోసుమాబ్. పైన చెప్పిన ర్యాంక్-ఎల్‌ను నేరుగా పట్టుకునే యాంటీబాడీ ఇది. 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. మంచి మందే, కానీ దీన్ని మధ్యలో వదిలేయకూడదు. ఆపిన కొన్ని నెలల్లో ఆస్టియోక్లాస్టులు ఒక్కసారిగా లేచి, రెండు మూడు వెన్నుపూసలు వరసగా విరిగిన కేసులు ప్రపంచమంతా నమోదయ్యాయి. సూది రోజు దాటి నెల పోనీయకండి. ఆపాలంటే దాని చోట ఇంకో మందు ఏదో డాక్టర్ చెప్పాలి. ఆరేసి నెలలకు పట్నం పోవడానికి డబ్బులకు, మనిషికి వీలవుతుందా అని మొదటి సూదికి ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. వీలు కాదనుకుంటే ఆ మాట చెప్పి వేరే మందు రాయించుకోండి.

ఇల్లు, నడక, ఎత్తు

మన పాత ఇళ్లలో షాబాదు బండలు. తడిసిన చోట జారుతాయి. బాత్రూం దగ్గర, జాలారి దగ్గర గరుకు పట్టా వేయండి, గోడకు పట్టుకునే ఇనుప కడ్డీ కొట్టించండి. అరిగిన హవాయి చెప్పులు పారేయండి. రాత్రి మూత్రానికి లేచే దారిలో చిన్న బల్బు ఉండాలి. కిందికి కుంగిన నులక మంచం మీద నుంచి లేచేటప్పుడు పడినవాళ్లు ఎక్కువ. ఎత్తుగా, గట్టిగా ఉన్న మంచం వేయండి. రోజూ నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలిగితే అన్నిసార్లు. బియ్యం మూట, నీళ్ల బిందె వంగి ఎత్తనీయకండి. మా అత్తమ్మ ఈ ఒక్క మాటే వినదు. అందుకే పెద్ద బిందెలు అటక మీద పెట్టేసి చిన్న చెంబులు కింద పెట్టాను.

ఎత్తు కొలవడం ఎవరూ చేయరు, ఇది చాలా పనికొచ్చే పని. దసరాకు ఇల్లు సర్దేటప్పుడు, చెప్పులు విప్పించి గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పెట్టి పెన్సిల్ గీత గీయండి. పక్కన తేదీ రాయండి. రెండేళ్లలో గీత 2 సెంటీమీటర్లు కిందికి దిగిందంటే, వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గిందంటే, వెన్నుపూస ఎక్కడో నలిగి ఉండవచ్చు. వెన్నుపూసలు చాలావరకు నొప్పి తెలియకుండానే నలుగుతాయి.

నొప్పి తెలిసే రోజూ ఒకటి రావచ్చు. తుమ్మినప్పుడో, బస్సు గుంతలో పడినప్పుడో, చిన్న బరువు ఎత్తినప్పుడో నడుములో చటుక్కుమంటుంది. అప్పుడు నూనె పెట్టి మాలిష్ చేయించకండి, నడుము తొక్కించకండి, కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకుపోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోండి. కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం ఉంటే అదే రాత్రి. ఎక్స్‌రే రాస్తే నడుము ఒక్కటే కాదు, వీపు మధ్య భాగం కూడా పక్క నుంచి తీయమని అడగండి. నలిగేది ఎక్కువగా వీపు మధ్యలో, వీపు నడుము కలిసే చోట. ముందు నుంచి తీసిన ఫిల్ములో అది కనిపించకుండా పోతుంది.